హార్మోన్ల వేగం ఎవరి చేతిలో ఉండాలి?

1934లో బెర్న్‌హార్డ్ జోండెక్ అనే వైద్య శాస్త్రవేత్త మగ గుర్రాల మూత్రాన్ని పరీక్షించి, అందులో ఈస్ట్రోజెన్ పుష్కలంగా ఉందని ‘నేచర్’ పత్రికలో రాశాడు. చూడి కట్టని ఆడ గుర్రం మూత్రంలో కంటే అది ఎక్కువే ఉంది. అప్పటికి ఐదేళ్ల కిందటే ఈస్ట్రోజెన్ జాతి హార్మోనును మొదటిసారి శుద్ధంగా విడదీసి, దానికి ఆడ హార్మోను అని ముద్ర వేసేశారు. 1935లో వృషణాల నుంచి టెస్టోస్టిరోన్‌ను విడదీసి దాన్ని మగ హార్మోను అన్నారు. గుర్రం అడ్డం తిరిగినా ఆ పేర్లు మాత్రం పోలేదు, ఇప్పటికీ బడి పుస్తకాల్లో ఉన్నాయి. అసలు మన ఒళ్లు ఈస్ట్రోజెన్లలో ముఖ్యమైన ఈస్ట్రడయాల్‌ను తయారు చేసుకునేదే టెస్టోస్టిరోన్ నుంచి. అరోమటేజ్ అనే ఎంజైము ఆ పని చేస్తుంది. మగవాడి ఎముకలు గట్టిపడటానికి కూడా ఈస్ట్రోజెనే కావాలని 1994లో తేలింది. ఒంట్లో ఈస్ట్రోజెన్ గ్రాహకం పనిచేయని 28 ఏళ్ల యువకుడొకరి గురించి అమెరికా డాక్టర్లు ఆ ఏడాది రాశారు. టెస్టోస్టిరోన్‌కు కొదవ లేదు, మగ లక్షణాలన్నీ ఉన్నాయి, అయినా ఎముకల చివర్లు మూసుకోక ఎత్తు పెరుగుతూనే ఉన్నాడు, ఎముకలు గుల్లబారిపోయాయి. రెండు హార్మోన్లూ అందరిలో ఉంటాయి. తేడా పాళ్లలోనే.

ఆ పాళ్లను మందులతో మార్చుకునేవాళ్లలో అందరూ ఒక ఒడ్డు నుంచి రెండో ఒడ్డుకు చేరాలనుకోరు. కొంత మార్పు చాలనుకునేవాళ్లున్నారు, మెల్లగా వెళ్లి ఎక్కడ ఆగాలో దారిలో చూసుకుందామనేవాళ్లున్నారు, తాము ఆడా కాదు మగా కాదు అని తెలిసి ఆ మధ్యనే స్థిరంగా ఉండాలనుకునేవాళ్లున్నారు. సూర్యాపేట జిల్లాలో కోదాడ పక్కనున్న చిలుకూరు (బాలాజీ గుడి ఉన్న చిలుకూరు వేరు) లాంటి ఊళ్లో అలాంటి మనిషికి ఇంట్లో, ఆస్పత్రిలో, ఆఫీసులో వినపడే మాట ఒక్కటే: ముందు అటో ఇటో తేల్చుకో. ఈ ఒత్తిడికి జీవశాస్త్రంలో ఆధారం లేదన్నది ఈ వ్యాసం వాదన. పద్దెనిమిదేళ్లు నిండిన మనిషి రక్తపరీక్షల తోడుతో, తన వేగంతో హార్మోన్లు వాడుతూ మధ్యలో బతకడం వైద్యపరంగా అర్థమున్న దారే. దానికి కఠినమైన షరతులు మాత్రం ఉన్నాయి. వాటిని పెట్టేది మన ఎముకలూ నెత్తురూ. పిల్లల సంగతి వేరు. 2024 ఏప్రిల్‌లో బ్రిటన్‌లో పిల్లలకు ఇచ్చే ఈ చికిత్సను సమీక్షించిన కాస్ నివేదిక వచ్చాక ఆ చర్చ ఇంకా తెగలేదు, దాన్ని ఇక్కడికి తేవడం లేదు.

మందు మొదలుపెట్టిన రోజున ఏమీ జరగదు. ఎండోక్రైన్ సొసైటీ 2017లో విడుదల చేసిన మార్గదర్శకాలు ఏ మార్పు ఎప్పుడు మొదలై ఎప్పటికి పూర్తవుతుందో పట్టిక వేసి చెప్పాయి. ఈస్ట్రోజెన్ వాడేవారిలో కామోద్రేకం తగ్గడం ఒకటి నుంచి మూడు నెలల్లో కనిపిస్తుంది. చర్మం మెత్తబడటం, కొవ్వు నడుము కిందికి చేరడం, రొమ్ములు మొలకెత్తడం మూడు నుంచి ఆరు నెలలకు మొదలవుతాయి; రొమ్ముల ఎదుగుదల పూర్తి కావడానికి రెండు మూడేళ్లు. ఒంటి మీది ముతక వెంట్రుకలు పలచబడటానికి మూడేళ్లు దాటినా పట్టవచ్చు. గొంతు అసలు మారదు, ఎన్నేళ్లు వాడినా. టెస్టోస్టిరోన్ వాడేవారిలో మొటిమలు, నెలసరి ఆగడం ఆరు నెలల లోపు. గొంతు బొంగురుపోవడం ఆరు నెలలకో ఏడాదికో మొదలై ఒకటి రెండేళ్లలో పూర్తవుతుంది. గడ్డం నిండుగా రావడానికి నాలుగైదేళ్లు. ఈ లెక్కలన్నీ పూర్తి మోతాదు వాడినవారివేనని గుర్తుంచుకోవాలి. అంటే ఎంత తొందరపడినవారైనా రెండు మూడేళ్లు మధ్యలోనే ఉంటారు. ఒక శరీరంలోనే చర్మం ఒకచోట, గొంతు ఒకచోట, గడ్డం ఇంకోచోట ఉండే కాలం అది. మధ్య అనేది ఏ కొద్దిమందో కోరుకునే వింత స్థితి కాదు, ఈ వైద్యంలో అడుగుపెట్టిన ప్రతి ఒక్కరూ కొన్నేళ్లు కాపురముండే చోటు. కొందరు అక్కడే ఉంటామంటున్నారు, అంతే.

ఉంటామంటే ఉండగలరా? ఇక్కడ ఒక భ్రమను వదిలించుకోవాలి: సగం మోతాదు వేసుకుంటే సగం మార్పు వస్తుందన్న భ్రమ. చిలుకూరు ప్రాంతం సాగర్ ఎడమ కాలువ ఆయకట్టు గనక అక్కడి రైతుకు ఈ సంగతి విడమరచి చెప్పనక్కర్లేదు. తూము సగం ఎత్తితే చేలన్నీ సగం సగం తడవవు. పైచేలు నిండుగా పారతాయి, చివరి ఆయకట్టుకు చుక్క అందదు. హార్మోనూ అంతే. తక్కువ మోతాదుకే స్పందించే కణజాలాలు కొన్ని, ఎంత పోసినా కదలనివి కొన్ని, ఎవరిలో ఏది ఎంత స్పందిస్తుందనేది పుట్టుకతో వచ్చిన జన్యువుల మీద ఆధారపడేది. కొద్దిపాటి టెస్టోస్టిరోన్ వాడి గడ్డం వద్దు, గొంతు మాత్రం మారాలని కోరుకోవచ్చు గానీ మందుకు ఆ ఎంపిక తెలియదు. తక్కువ మోతాదు మార్పును నెమ్మదింపజేస్తుంది; ఫలానా గీత దగ్గర ఆపుతుందని ఏ డాక్టరూ మాట ఇవ్వలేడు. నెమ్మదిదనానికి అసలు విలువ ఇక్కడే ఉంది. మార్పు మెల్లగా వచ్చినప్పుడు మనిషికి దాన్ని చూసుకుని, కావాలో వద్దో నిర్ణయించుకునే వ్యవధి దొరుకుతుంది. కొన్ని నెలలకు గొంతులో కొద్దిపాటి తేడా వినపడితే, ఇది చాలు అని ఆపేవాడికి ఆ అవకాశం ఉంటుంది. పూర్తి మోతాదులో ఆ నెలలే అతన్ని దాటుకుని వెళ్లిపోవచ్చు.

షరతుల్లో మొదటిది ఎముకలు. మెదడులోని హైపోథాలమస్, దాని కింద వేలాడే పిట్యూటరీ గ్రంథి కలిసి నెత్తుటిలో సెక్స్ హార్మోన్ల మట్టాన్ని నిత్యం గమనిస్తుంటాయి. బయటినుంచి కొంచెం ఈస్ట్రోజెన్ వస్తే, ఆ మేరకు వృషణాలకు పంపే ఆజ్ఞను తగ్గిస్తాయి. మోతాదు మరీ తక్కువైతే టెస్టోస్టిరోన్ పెద్దగా తగ్గదు, కోరుకున్న మార్పూ రాదు. అప్పుడు కొందరు ఈస్ట్రోజెన్‌ను పక్కనపెట్టి టెస్టోస్టిరోన్‌ను అడ్డుకునే మందులు మాత్రమే వాడి, రెండూ లేని స్థితిలో ఉండిపోదామనుకుంటారు. ఆలోచనగా బాగానే ఉంది, ఎముకలు ఒప్పుకోవు. నిండు వయసు మనిషికి రెండింటిలో ఏదో ఒక హార్మోను సరిపడా ఉండాలి. లేకపోతే ముట్లుడిగిన స్త్రీలో జరిగేదే ముప్పై ఏళ్లకే జరుగుతుంది. దీనికి చరిత్ర సాక్ష్యం కూడా ఉంది. రష్యాలోని స్కోప్త్సీ అనే మతశాఖవారిని, చైనా, ఒట్టోమన్ ఆస్థానాల నపుంసకులను గురించిన పాత వైద్య రికార్డులను 1999లో ఇద్దరు అమెరికా పరిశోధకులు ఒకచోట చేర్చి చూస్తే, వృషణాలు కోల్పోయి ఏ హార్మోనూ లేకుండా బతికినవారిలో ఎముకలు గుల్లబారి వెన్ను వంగిపోయిన ఆనవాళ్లు కనిపించాయి. మన హిజ్రాలలో నిర్వాణం (జననాంగాలు తీయించుకునే తంతు) చేయించుకుని, ఆ తర్వాత ఏ మందూ వాడని పెద్దవాళ్ల సంగతి ఎవరైనా శ్రద్ధగా పరీక్షించాల్సిన విషయం. మధ్యలో ఉండటమంటే ఒంట్లో హార్మోన్లు లేకుండా ఉండటం కాదన్న ఒక్క మాట అర్థమైతే సగం ప్రమాదం తప్పుతుంది.

రెండో షరతు, వెనక్కి వచ్చేవీ రానివీ వేరుచేసి తెలుసుకోవడం. ఈస్ట్రోజెన్ ఆపితే చర్మం, కండ, కొవ్వు పంపిణీ చాలావరకు పాత తీరుకు వస్తాయి; పెరిగిన రొమ్ములు పోవు. టెస్టోస్టిరోన్ ఆపితే నెలసరి తిరిగి వస్తుంది, నడుము మారుతుంది. దిగిన గొంతు మళ్లీ లేవదు, వచ్చిన గడ్డం చాలావరకు ఉండిపోతుంది. ఈస్ట్రోజెన్ ఆపాక వీర్యకణాల ఉత్పత్తి కొందరిలో తిరిగి మొదలవుతుంది, కొందరిలో కాదు. టెస్టోస్టిరోన్ వాడేవారికి నెలసరి ఆగినంత మాత్రాన గర్భం రాదని అనుకోవడం పొరపాటు. అది గర్భనిరోధకం కాదు. మందు ఏ రూపంలో తీసుకుంటున్నామన్నదీ వేగాన్ని నిర్ణయిస్తుంది. టెస్టోస్టిరోన్ అండెకనోయేట్ ఇంజెక్షన్ ఒకసారి వేస్తే మూడు నెలలు నెత్తుటిలో ఉంటుంది, మధ్యలో మనసు మారితే తీసేయలేం. చర్మానికి రాసుకునే జెల్ అలా కాదు, రేపు మానేస్తే వారంలో దాని ప్రభావం సన్నగిల్లుతుంది. తన వేగంతో వెళ్లాలనుకునే మనిషికి డాక్టరు మొదట చెప్పాల్సింది ఈ తేడా.

ఇంతా చెప్పి, ఇప్పుడు ఈ ప్రాంతంలో వేగాన్ని నిర్ణయిస్తున్నది ఎవరు? చాలా సందర్భాల్లో మందుల షాపు. మన దేశంలో ట్రాన్స్ మహిళలు డాక్టరు ప్రమేయం లేకుండా గర్భనిరోధక మాత్రలు మింగడం కొత్త సంగతేమీ కాదు. ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఉచితంగా దొరికే మాలా-ఎన్, షాపుల్లో చౌకగా దొరికే మాలా-డి రెండింటిలో ఉన్నది ఒకటే: ఇథినైల్ ఈస్ట్రడయాల్, లెవొనార్జెస్ట్రెల్. మొదటిది కాలేయాన్ని గట్టిగా ప్రేరేపించి నెత్తురు గడ్డకట్టే పదార్థాలను పెంచుతుంది. రెండోదానికి కొంత మగ హార్మోను గుణం కూడా ఉంది, అంటే కోరుకున్నదానికి ఎదురు. నెలసరి ఉన్న స్త్రీకి రోజుకో మాత్ర చొప్పున తయారైన ఆ బిళ్లలను తొందరగా మార్పు రావాలని రెండు, మూడు, నాలుగు వేసుకుంటే కాళ్ల సిరల్లో గడ్డలు కట్టి ఊపిరితిత్తులకు చేరే ముప్పు పెరుగుతుంది. యూరప్ క్లినిక్‌లు ఇథినైల్ ఈస్ట్రడయాల్ మానేసి సహజమైన ఈస్ట్రడయాల్‌కు, పెద్ద వయసువారిలో చర్మం మీది పట్టీలకు మారింది ఈ ముప్పు వల్లే. తొందర వల్ల వచ్చిన ముప్పు ఇది, నిజమే. కానీ ఆ తొందర ఎక్కడినుంచి వచ్చింది? పూర్తిగా ఆడలా కనిపిస్తే తప్ప ఇల్లు అద్దెకు దొరకదని, సగం సగంగా కనిపిస్తే బస్టాండులో అందరూ తేరిపార చూస్తారని, నిర్వాణమైతే తప్ప హిజ్రాల జమాత్‌లో గౌరవం లేదని తెలిసిన మనిషికి నెమ్మదిగా వెళ్లే స్వేచ్ఛ ఎక్కడిది?

ఇంకొన్నిసార్లు వేగాన్ని నిర్ణయించేది డబ్బు, అదీ ఎక్కడో వేల మైళ్ల అవతలి డబ్బు. 2021లో హైదరాబాద్ నారాయణగూడలో ట్రాన్స్‌జెండర్ల కోసం మిత్ర్ క్లినిక్ మొదలైంది. హార్మోన్ చికిత్స, కౌన్సెలింగ్, హెచ్‌ఐవీ పరీక్షలు అన్నీ ఒకేచోట, సేవలందించేవారిలో చాలామంది ట్రాన్స్‌జెండర్లే. దానికి ఆధారం అమెరికా ప్రభుత్వ సహాయ నిధులు. 2025 జనవరిలో వాషింగ్టన్‌లో ఒక ఉత్తర్వుతో ఆ నిధులు ఆగిపోతే క్లినిక్ మూతపడింది. ఆ ఏడాదే టాటా ట్రస్ట్స్ సాయంతో సబ్‌రంగ్ పేరుతో మళ్లీ తెరిచారు. మధ్యలో గడిచిన నెలల్లో అక్కడ మందులు తీసుకుంటున్నవారి శరీరాలు ఆగి ఎదురుచూడవు కదా. చిలుకూరు నుంచి ఆ క్లినిక్‌కు రావాలంటే విజయవాడ హైవే మీద దాదాపు 180 కిలోమీటర్లు. మూడు నెలలకోసారి రక్తపరీక్షకు ఒకరోజు కూలి, రానూపోనూ బస్సు చార్జీ పోగొట్టుకోవాల్సి వస్తే పరీక్షే మానేస్తారు, మందు మానరు.

ఈ మధ్యదారికి వచ్చే అభ్యంతరాల్లో బలమైనది పశ్చాత్తాపం గురించి. ఆమ్‌స్టర్‌డామ్ క్లినిక్‌లో 1972 నుంచి 2015 వరకు ఈ వైద్యం కోసం చూపించుకున్న 6,793 మంది రికార్డులను 2018లో ప్రచురించారు. వృషణాలు లేదా అండాశయాలు తీయించుకున్నవారిలో పశ్చాత్తాపపడి వెనక్కి వచ్చిన ట్రాన్స్ మహిళలు 0.6 శాతం, ట్రాన్స్ పురుషులు 0.3 శాతం. ఈ అంకె చూపించి చర్చ ముగించేయడం నిజాయితీ కాదు. అదే అధ్యయనంలో 36 శాతం మంది కొన్నేళ్ల తర్వాత ఆ క్లినిక్‌కు తిరిగి రాలేదు. వాళ్లు ఏమనుకుంటున్నారో ఎవరూ అడగలేదు. 2022లో అమెరికా సైనిక కుటుంబాల ఆరోగ్య రికార్డులను చూస్తే, హార్మోన్లు మొదలుపెట్టినవారిలో నాలుగేళ్ల తర్వాత కొనసాగిస్తున్నవారు 70 శాతమే. మిగతా 30 శాతం ఎందుకు ఆపారో ఆ రికార్డుల్లో లేదు. 2015లో అమెరికాలో జరిగిన సర్వేలో ఎప్పుడో ఒకప్పుడు వెనక్కి తిరిగామన్నవారు 13 శాతం; వారిలో 82 శాతానికి పైగా కుటుంబ ఒత్తిడి, వివక్ష లాంటి బయటి కారణాన్ని కనీసం ఒకటి చెప్పారు. కొందరు మాత్రం ఇది నాకు సరిపడలేదని ఆపారు. ఈ చివరివారి కోసమే నెమ్మదైన దారి తెరిచి ఉండాలి. ఒకరు చిన్న మోతాదుతో మొదలుపెట్టి, ఏడాదికి ఆపేసి, ఇంతవరకు చాలనుకుంటే దాన్ని వైఫల్యం లెక్కలో వేయడం పొరపాటు. అటో ఇటో తేల్చుకోమన్న ఒత్తిడే వారిని అవసరం లేని చోటికి నెట్టేది. పశ్చాత్తాపం భయంతో మధ్యదారిని మూసేవారు, ఆ భయం ఎక్కడ నిజమవుతుందో అక్కడికే మనిషిని తోస్తున్నారు.

దీనికి ఎదురుగా ఇంకో అభ్యంతరం, ఈసారి ట్రాన్స్ సమాజం లోపలినుంచే వినిపించేది: నెమ్మది అంటూ మొదలుపెడితే డాక్టర్లు దాన్ని వాయిదాకు సాకుగా వాడుకుంటారు. ఈ భయం ఉత్తదేమీ కాదు. మెల్‌బోర్న్‌లో టెస్టోస్టిరోన్ కోసం ఎదురుచూస్తున్న 64 మంది పెద్దవాళ్లలో సగం మందికి వెంటనే, సగం మందికి మూడు నెలలు ఆగాక మందు ఇచ్చి చూసిన ప్రయోగ ఫలితం 2023లో వచ్చింది. మొదట్లో ఆత్మహత్య ఆలోచనలున్నవారిలో, వెంటనే మందు తీసుకున్న బృందంలో 52 శాతానికి అవి పోయాయి. ఆగినవారిలో 5 శాతానికే. మూడు నెలల ఆలస్యానికే ఇంత తేడా. కాబట్టి తన వేగం అన్నప్పుడు ‘తన’ అన్నదే ముఖ్యం. తొందరగా కావాలన్నవారిని ఆపడానికి నెమ్మదిదనాన్ని వాడకూడదు, మెల్లగా వెళ్తామన్నవారిని తరమడానికి ఈ ప్రయోగాన్నీ వాడకూడదు.

ఇదంతా పట్నం ఫ్యాషన్ అనేవారికి జవాబు నిజాం ప్రభుత్వమే రాసిపెట్టింది. 1329 ఫసలీలో, అంటే 1919లో, హైదరాబాద్ సంస్థానం నపుంసకుల చట్టం చేసింది. వాళ్ల పేర్లు రిజిస్టర్‌లో ఎక్కించాలి. వీధిలో ఆడ బట్టలు, నగలు వేసుకుని కనిపిస్తే వారంటు లేకుండా అరెస్టు చేయవచ్చు. రెండేళ్ల దాకా జైలు. చట్టం చేయాల్సినంతమంది, వీధిలో కనిపించేంతమంది నూరేళ్ల కిందటే ఇక్కడ ఉన్నారన్నమాట. వేములవాడ రాజన్న గుడిలో శ్రీరామనవమి నాడు దేవుణ్ణి పెళ్లాడే శివసతులు, హిజ్రాలు ఏ విదేశాల నుంచి దిగుమతి అయ్యారు? ఆ చట్టాన్ని వైజయంతి వసంత మొగ్లి తదితరులు 2018లో సవాలు చేస్తే, 2023 జూలైలో తెలంగాణ హైకోర్టు కొట్టేసింది, ఆసరా పింఛన్లు ట్రాన్స్‌జెండర్లకూ ఇవ్వమంది. అంతకుముందే, 2014 ఏప్రిల్ 15న నల్సా తీర్పులో సుప్రీంకోర్టు, లింగ గుర్తింపు కోసం సర్జరీ చేయించుకోవాలనడం చట్టవిరుద్ధమని చెప్పింది. అయినా 2019లో పార్లమెంటు చేసిన చట్టం ఒక మెలిక పెట్టింది: ట్రాన్స్‌జెండర్ అని కలెక్టరు ఇచ్చే ధ్రువపత్రానికి ఆపరేషన్ అక్కర్లేదు గానీ, స్త్రీ అనో పురుషుడనో రాయించుకోవాలంటే ఆపరేషన్ కాగితం కావాలంది. శరీరం రెండు మూడేళ్లు మధ్యలో ఉంటుందని ఎండోక్రినాలజీ చెబుతుంటే, ఆ చట్టం మధ్యలో ఉన్నవారికి ఒక గది, దాటినవారికి ఇంకో గది కట్టి, నడవలో ఎవరూ నిలబడొద్దంది.

ఆధారాలు తక్కువ అన్న మాట నిజం. తక్కువ మోతాదు హార్మోన్లను దీర్ఘకాలం వాడిన నాన్ బైనరీ మనుషుల మీద పెద్ద ప్రయోగాలు జరగలేదు. 2022లో వచ్చిన ప్రపంచ ట్రాన్స్‌జెండర్ ఆరోగ్య సంఘం ఎనిమిదో ప్రమాణాలు నాన్ బైనరీ వ్యక్తులకు ఒక అధ్యాయం, నపుంసకులకు వేరే అధ్యాయం కేటాయించినా, వాటిలోనూ చాలావరకు నిపుణుల అనుభవమే ఉంది. ప్రపంచ ఆరోగ్య సంస్థ ఆ ఏడాది జనవరి నుంచి అమల్లోకి తెచ్చిన ఐసీడీ-11లో ట్రాన్స్ స్థితిని మానసిక రోగాల జాబితా నుంచి తీసేసింది, సంతోషమే. మోతాదులు మాత్రం అది చెప్పదు. ఆధారం తక్కువున్నచోట చేయాల్సింది దగ్గరగా గమనించడం. గమనించడానికి కావాల్సినవి అరుదైన పరీక్షలేమీ కావు. టెస్టోస్టిరోన్ను అడ్డుకునే స్పైరనోలాక్టోన్ వాడేవారికి పొటాషియం, టెస్టోస్టిరోన్ వాడేవారికి రక్తం చిక్కదనం, అందరికీ కాలేయం, కొవ్వులు, బీపీ. ఈస్ట్రడయాల్, టెస్టోస్టిరోన్ మట్టాలు తప్ప మిగతావన్నీ షుగరు, బీపీ రోగులకు రోజూ చేసేవే. అదే పని చేసే సైప్రొటిరోన్ వాడితే పాత అలవాటు ప్రకారం 50 మిల్లీగ్రాములు అక్కర్లేదు, 10 చాలు. ఎక్కువ మోతాదు ఏళ్ల తరబడి వాడితే మెదడు పొరల్లో గడ్డలు వచ్చే అవకాశముందని 2020లో యూరప్ ఔషధ సంస్థ హెచ్చరించింది. థైరాయిడ్ మందును టీఎస్‌హెచ్ చూసి 25 మైక్రోగ్రాముల చొప్పున పెంచుతూ తగ్గిస్తూ సర్దే డాక్టరుకు ఈ పని కొత్త కాదు.

సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ వైద్య కళాశాల ఉంది. కోదాడ, హుజూర్‌నగర్‌లలో ప్రభుత్వ ఆస్పత్రులున్నాయి. హైదరాబాద్ ఉస్మానియా ఆస్పత్రిలో 2022లో ప్రాచీ రాథోడ్, రూత్ జాన్ పాల్ అనే ఇద్దరు ట్రాన్స్‌జెండర్ డాక్టర్లు ఉద్యోగంలో చేరారు. రాష్ట్రంలో ఇలాంటి వైద్యం తెలిసినవారు లేరనడానికి లేదు. కేంద్రం 2022లో ఆయుష్మాన్ భారత్ కింద ట్రాన్స్‌జెండర్లకు ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు కవరేజీ ప్రకటించింది, హార్మోన్లూ సర్జరీలూ కలిపి. దానికి కూడా ముందు ధ్రువపత్రం కావాలి. చిలుకూరు మనిషికి నిజంగా కావాల్సింది కోదాడలో రక్తం ఇస్తే సూర్యాపేటలో రిపోర్టు చూసి, హైదరాబాద్ ఎండోక్రినాలజిస్టును ఫోన్లో అడిగి, మోతాదు పెంచాలో తగ్గించాలో ఉన్నచోటే ఉంచాలో చెప్పే ఒక డ్యూటీ డాక్టరు. ఆ డాక్టరు మొదటి రోజున నువ్వు ఆడా మగా అని అడిగితే చికిత్సకు పనికొచ్చే సమాచారమేదీ రాదు. మీకు ఏ మార్పు కావాలి, ఏది వద్దు, పిల్లలు కావాలనుకుంటున్నారా, ఇంట్లో ఎవరికైనా కాళ్లలో నెత్తురు గడ్డకట్టిందా, ఇప్పటికే ఏ మాత్రలు ఎన్ని వేసుకుంటున్నారు అని అడిగితే వస్తుంది. మూడు నెలలకు మళ్లీ అవే ప్రశ్నలు. జవాబులు మారి ఉండవచ్చు, మారితే మోతాదూ మారుతుంది.